నలభై రెండు టోపీల బొంత

కుట్టు దుకాణం నుంచి
ఏప్రిల్ 6

గౌరవనీయులైన వదినగారికి,

ముందు శుభవార్త చెప్పేసి, క్షేమ సమాచారాలు తర్వాత అడుగుతాను. లేకపోతే కలం ఆగేలా లేదు. మన గడుగ్గాయి పరుగుల బడికి ఎంపికైంది! నాలుగు వందల మంది పిల్లలు పరుగెత్తితే పన్నెండు మందిని తీసుకున్నారు. అందులో మన పిల్ల మూడోది. గీత దాటాక కూడా ఆగకుండా మైదానం గోడ దాకా పరుగెత్తిందట. అదేమిటే అంటే, "ఆగమని ఎవరూ చెప్పలేదుగా నానమ్మా!" అంటోంది. పదకొండేళ్ళకే ఆ నోరు చూడండి. మీ అమ్మాయి ఆ రోజు నుంచి నేల మీద నడవడం లేదు. మా అబ్బాయి ఆఫీసులో అందరికీ చెప్పడం అయిపోయి, ఇప్పుడు బస్సులో పక్క సీటు వాళ్ళకి చెబుతున్నాడు.

సెప్టెంబరు మొదటి తేదీకల్లా పిల్ల హాస్టల్లో ఉండాలి. కొండ మీద ఊరు, చలి ఎక్కువ. పడక సామాను ఇంటి నుంచే తెచ్చుకోమని కాగితం పంపారు. మంచం ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు. ఆ కాగితం చూడగానే నిర్ణయించుకున్నాను. కొన్న రగ్గు కప్పుకుని పడుకోదు నా మనవరాలు. పొడవాటి కాళ్ళ పిల్ల, అక్కడ ఉన్నన్నేళ్ళూ సరిపోయేలా బొంత కుడతాను. ఇంట్లో అందరి బట్టలూ ఏరాను. మా అబ్బాయి కాలేజీ చొక్కాలు, కోడలి పాత గౌన్లు, పిల్ల మొదటి ఫ్రాకు, మా ఆయన పోస్ట్‌మాన్ కోటు. కోటు ఇవ్వనని రెండు రోజులు అలిగి, మూడో రోజు తనే గుండీలు ఊడదీసి తెచ్చిచ్చారు.

ఇక మీతో పని. మీ దుకాణంలో అమ్ముడుపోని పాత టోపీలు ఉంటాయి కదా. ఆ ఫెల్టు గుడ్డ వెచ్చగా ఉంటుందని విన్నాను. ఒక సంచీడు పంపితే ముక్కలు చేసి, పైగుడ్డకీ అడుగు అస్తరుకీ మధ్యన దూది బదులు పరుస్తాను. పైకి కనబడదు కాబట్టి మరకలున్నా, చిల్లులున్నా పరవాలేదు. మొహమాటపడకండి.

మీ ఆరోగ్యం ఎలా ఉందో రాయండి. ఇంటిల్లిపాదీ మిమ్మల్ని అడిగినట్టు చెప్పమన్నారు.

మీ వియ్యపురాలు


టోపీల దుకాణం, వెనక గది
ఏప్రిల్ 15

వదినగారికి నమస్కారం.

మీ ఉత్తరం కన్నా ఒక రోజు ముందే మా అమ్మాయి ఉత్తరం వచ్చింది. దుకాణం తలుపు దగ్గరే నిలబడి చదివాను. ఎదురుగా మందుల కొట్టాయన "ఏమ్మా, ఏమైంది?" అని పరుగెత్తుకొచ్చాడు. నా మనవరాలి సంగతి ఆయనకి చెప్పి, ఆయన దగ్గర మందులు కొనుక్కునేవాళ్ళకి కూడా చెప్పాను. ఆ కాళ్ళు మా వైపువని మీకు ఎవరూ చెప్పి ఉండరు, అందుకని నేనే చెబుతున్నాను. మీ వైపు అందరూ కూర్చుని చేసే పనులవాళ్ళు. అన్నయ్యగారు ఒక్కరు తప్ప, ఆయనకీ సైకిల్ ఉండేది.

ఇక ఫెల్టు సంగతి. అది గుడ్డ కాదు వదినగారూ. గుడ్డని నేస్తారు. ఫెల్టుని ఎవరూ నేయరు. ఉన్నిని వేడినీళ్ళలో తడిపి, ఆవిరి పట్టి, పిసికి పిసికి, పోగూ పోగూ ఒకదాన్నొకటి పట్టుకుని ఇక విడిపోని దాకా తెస్తే అప్పుడది ఫెల్టు. దానికి పోగులూడటం అంటే ఏమిటో తెలియదు.

"దూది బదులు" అని రాశారు. ఆ మాట మూడుసార్లు చదివాను. టోపీ మనిషి నెత్తిన కూర్చునే వస్తువు. పెద్ద పెద్ద వాళ్ళు కూడా అది చేతిలోకి తీసుకునేటప్పుడు రెండు చేతులతో తీసుకుంటారు. దాన్ని పట్టుకెళ్ళి బొంత పొట్టలో కుక్కుతానంటారా? నా మనవరాలు నా పని కప్పుకుని పడుకోవాలంటే ఆ పని పైకి కనబడాలి. పైన వేస్తే పంపుతాను. లోపల వేసేటట్టయితే దూదే కొనుక్కోండి.

మరకలూ చిల్లులూ ఉన్న టోపీ నలభై రెండేళ్ళలో నా దుకాణంలో ఒక్కటీ లేదు.

ఇట్లు, మీ వదిన


కుట్టు దుకాణం నుంచి
ఏప్రిల్ 24

వదినగారికి,

మీ ఉత్తరం విప్పితే వేళ్ళు కాలాయి. మా ఆయన అయితే, ఇలాంటి ఉత్తరం సంచీలో ఉంటే దారిలోనే పొగ వచ్చి ఉంటుందని, మోసినవాడు ఎవడో గానీ ధైర్యవంతుడని అన్నారు.

నిజం చెబుతాను, నాకూ కోపం వచ్చింది. ముప్ఫై ఏళ్ళ దర్జీని. నేను కుట్టిన కోటు వేసుకుంటే గూని ఉన్నవాడు కూడా నిటారుగా కనబడతాడని పేరు. నా బొంతలో ఇంకొకరి ముక్క ఇంతవరకూ పడలేదు. నాలుగు రోజులు బిగదీసుకుని కూర్చున్నాను. అయిదో రోజు మీ అమ్మాయి, "అత్తయ్యా, అమ్మ చేసిన టోపీ పిల్ల ఎప్పుడూ పెట్టుకోలేదు, దాని వయసు వాళ్ళెవరూ పెట్టుకోరుగా. ఇలాగైనా ఒకటి దాని దగ్గర ఉంటుంది" అంది. ఆ పూటే బొంత లెక్క మళ్ళీ మొదటి నుంచి గీశాను.

కాబట్టి వినండి. పైనే వేస్తాను. వరసకి ఏడు చదరాలు, మొత్తం పన్నెండు వరసలు. ఒకటి మీ ఫెల్టు, దాని పక్కన ఒకటి నా గుడ్డ, చదరంగం బల్లలాగా. మీవి నలభై రెండు, నావి నలభై రెండు. ఎక్కువా లేదు, తక్కువా లేదు. చదరం కొలత ఆరు అంగుళాలు. అక్కడ కత్తిరించి పంపితే ఇక్కడ నేను కలుపుతాను.

వియ్యపురాలు చివరికి నాకే టోపీ పెట్టిందని మా ఆయన ఒకటే నవ్వు. నవ్వనివ్వండి.

మీ వదిన


టోపీల దుకాణం, వెనక గది
మే 20

వదినగారికి,

దీనితోపాటు పార్సిల్ పంపుతున్నాను. నలభై రెండు చదరాలు. లెక్క చూసుకోండి.

ఒక్కో టోపీకి నెత్తి భాగంలోంచి ఒక్కటే చదరం వస్తుంది. కొయ్య తల మీద తొడిగి ఏళ్ళ తరబడి గుండ్రంగా ఉండమని నేర్పిన దాన్ని, ఇప్పుడు చదునుగా పడుకోమంటే మాట వింటుందా? పెద్ద గిన్నెలో నీళ్ళు మరిగించి, ఆవిరి మీద పట్టి, మెత్తబడ్డాక బల్ల మీద పరిచి, ఇనుప దిమ్మ పెట్టి ఒక రోజంతా వదిలేస్తే గానీ లొంగలేదు. కొన్ని మళ్ళీ లేచాయి. మళ్ళీ పడుకోబెట్టాను. ముదురాకుపచ్చది ఒకటి మూడుసార్లు లేచింది. అది నాకు నచ్చింది.

ఆరంటే ఆరు అంగుళాలే. వెంట్రుకవాసి తేడా కనబడితే చెప్పండి, ఇక కత్తెర పట్టను.

ఈ మధ్య దుకాణంలో తీరిక ఎక్కువగానే ఉంటోంది. అందుకే త్వరగా అయింది.

మీ వదిన


కుట్టు దుకాణం నుంచి
మే 29

వదినగారికి,

పార్సిల్ అందింది. కత్తిరింపు బల్ల మీద ఉన్నవన్నీ తీసేసి మీ నలభై రెండూ పరిచాను. ఒక పెద్దమనిషి ప్యాంటు కొలతలివ్వడానికి వచ్చి, కొలతల సంగతి మరిచిపోయి, "ఇవేమిటమ్మా, ముట్టుకోవచ్చా?" అని అడిగాడు. ఒక్క చదరమే ముట్టుకోనిచ్చాను.

నేను తప్పు మాట రాశాను వదినగారూ, ఇది లోపల పెట్టే సరుకు కాదు. బూడిద రంగులోనే అయిదు రకాలున్నాయి. ఆ ఎరుపు ఎలా వచ్చింది? నా ముప్ఫై ఏళ్ళలో అలాంటి ఎరుపు గుడ్డ నా మిషను కిందకి రాలేదు. మా వియ్యపురాలి చేతి పని అని దుకాణానికి వచ్చిన ప్రతివాళ్ళకీ చెబుతున్నాను. నాకే ఆశ్చర్యంగా ఉంది, గర్వం నాదైనట్టు మాట్లాడుతున్నాను.

కలపడానికి ముందు నా వైపు చిన్న సర్దుబాటు ఒకటి చేసుకోవలసి వచ్చింది. చెప్పుకోవలసినంతది కాదు.

అన్నట్టు, ప్రతి ముక్క వెనకా సిరాతో ఏదో అంకె ఉంది. ఒకటి, రెండు, పదిహేడు, ఇలా. వాటిని ఏదైనా వరసలో పెట్టాలా?

మీ వదిన


టోపీల దుకాణం, వెనక గది
జూన్ 10

వదినగారికి,

అంకెలు ఉత్త గుర్తులు. అస్తరు కిందకి పోతాయి, పట్టించుకోకండి. మీకు తోచిన వరసలో పెట్టండి.

ఎరుపు గురించి అడిగారు. అది మా అమ్మాయికి కూడా చెప్పలేదు. ఎప్పుడైనా ఎదురుపడితే చెవిలో చెబుతాను.

చిన్న సర్దుబాటు ఏమిటి? మీరు "చెప్పుకోవలసినంతది కాదు" అన్నారంటే అది చెప్పుకోవలసినదే అయి ఉంటుంది. పదమూడేళ్ళుగా చూస్తున్నాను మిమ్మల్ని.

మీ వదిన


కుట్టు దుకాణం నుంచి
జూలై 12

వదినా,

"గారు" మరిచిపోయి కాదు రాయనిది. ఈ ఉత్తరంలో ఆ మర్యాద పెట్టుకుని మాట్లాడలేను.

నిన్న పైభాగం కలపడం పూర్తయింది. ఎనభై నాలుగు చదరాలు. మా అబ్బాయి మంచం మీద పరిచి పిల్లని పడుకోమన్నాను. పడుకుంది. మెడ దాకా కప్పితే పాదాలు బయట, పాదాలు కప్పితే మెడ బయట. పక్కకి దొర్లితే వీపు బయట. "నానమ్మా, ఇది బొంతా? తువ్వాలా?" అంది. అది నవ్వింది, వాళ్ళమ్మా నాన్నా నవ్వారు, నేను వెళ్ళి దుకాణంలో కూర్చున్నాను. ఆరడుగులు ఉండాల్సింది అయిదడుగులే ఉంది. మూడున్నర ఉండాల్సింది మూడు కూడా లేదు.

ఎందుకో చెబుతాను. చదరం ఆరు అంగుళాలని రాశాను కదా. సూది పట్టిన మనిషి ఎవరైనా ఆరంటే ఏడు కత్తిరిస్తారు, చుట్టూ అర అంగుళం కుట్టు మడతకి వదులుతారు. నేను ఏడే కత్తిరించాను. మీ పార్సిల్ విప్పి టేపు పెడితే సరిగ్గా ఆరు. అయ్యో, వదినగారికి కుట్టు సంగతి తెలియదు పాపం అనుకున్నాను. చెబితే చిన్నబుచ్చుకుంటారు, మళ్ళీ ఏప్రిల్ నాటి ఉత్తరం వస్తుంది. అందుకని కత్తెర తీసి, నా నలభై రెండు ముక్కలనీ మీ కొలతకి దిగకోశాను. అదే నా చిన్న సర్దుబాటు. అతుకు అతుక్కీ అంగుళం మింగేసింది. పన్నెండు వరసలకి ఎంత పోతుందో లెక్క వేసుకోవాల్సిన దాన్ని, మీకు ఎలా తెలియకుండా చేయాలా అన్న ఆలోచనలో పడి వేసుకోలేదు. ముప్ఫై ఏళ్ళ దర్జీ చేసిన పని ఇది.

ఇంకో ముక్క అడుగుదామనుకున్నాను. ఒకటి కాదు, ఇంకో ఇరవై. ఇంతలో మా ఆయన ఆ అంకెలు చూశారు. జీవితమంతా ఇంటి నంబర్లు చదివిన మనిషి. "ఇవి ఒకటి నుంచి నలభై రెండు దాకా ఉన్నాయి, ఏదీ రెండుసార్లు లేదు. ఆవిడ దుకాణం పెట్టి ఎన్నేళ్ళయింది?" అన్నారు. కోడల్ని పిలిచాం. అది ముక్కలు తిరగేసి చూసి, ఎర్రదాన్ని చేతిలోకి తీసుకుని, అక్కడే నేల మీద కూర్చుంది. తలుపు మీది అర అంట. ఏటా మొదట చేసిన టోపీని అమ్మకుండా ఆ అర మీద పెట్టేవారట. చిన్నప్పుడు దాన్ని ముట్టుకుంటే వేళ్ళ మీద కొట్టేవారట.

వదినా, అమ్ముడుపోని టోపీలని కదా నేను అడిగింది? ఆ అర మీదివి ఎందుకు కోశారు? కోసి, తీరిక ఎక్కువని రాస్తారా? నా బుద్ధితక్కువ పనికి ఆ నలభై రెండేళ్ళూ పొట్టి బొంత అయి కూర్చున్నాయి. పిల్ల వెళ్ళడానికి ఏడు వారాలుంది. నాకు తల ఎత్తుకోవడానికి లేదు.

మీ వదిన


టోపీల దుకాణం, వెనక గది
జూలై 20

వదినా,

మీ ఉత్తరం చదివి ముందు మండిపడ్డాను. తర్వాత నవ్వొచ్చింది. ఎంత నవ్వానంటే మందుల కొట్టాయన మళ్ళీ వచ్చాడు.

నాకు కుట్టు తెలియదనుకున్నారా? పోగులూడే దానికి మడత కావాలి. ఫెల్టుకి పోగులే ఊడవని ఏప్రిల్లోనే రాశాను. మడత అక్కర్లేని దానికి అర అంగుళం ఎందుకు వదులుతాను? నా తప్పు ఏమిటంటే, దర్జీలు మడత కోసమే బతుకుతారని మరిచిపోవడం. మీ తప్పు ఏమిటంటే, అడగకపోవడం. పదమూడేళ్ళుగా మనం ఒకరికొకరం మర్యాద చేసుకుంటున్నాం. ఆ మర్యాద అంతా కలిపి ఒక అడుగు తేలింది.

ఇప్పుడు నేను దాచింది చెబుతాను. సెప్టెంబరు నెలాఖరుకి దుకాణం మూసేస్తున్నాను. ఎవరూ మూయించలేదు. ఈ ఏడు నా దగ్గరికి వచ్చిన తలలు తొమ్మిది. అందులో రెండు నాటకాలవాళ్ళవి. గది ఇంకొకాయన తీసుకుంటున్నాడు, కళ్ళజోళ్ళు అమ్ముతాడట. అర ఖాళీ చేయాలి. ఒక హోటలాయన వచ్చి, టోపీలన్నీ ఇస్తే భోజనాల హాలు గోడకి మేకులు కొట్టి వరసగా తగిలిస్తానన్నాడు. అందంగా ఉంటుందన్నాడు. నా టోపీలకి మేకులు! మరునాడే మీ ఉత్తరం వచ్చింది. కోశాను. మొదటిదాన్ని కోసేముందు కత్తెర రెండుసార్లు కింద పెట్టాను, అబద్ధం ఎందుకు. పదోదానికి వచ్చేసరికి పెట్టలేదు. మీకు చెబితే జాలిపడి, ఆ జాలితో వాటిని పైన వేస్తారని భయపడ్డాను. నా పని బాగుందని వేయాలి గానీ, నా దుకాణం పోయిందని కాదు. మే నెల ఉత్తరంలో మీరు ఆ ఎరుపు గురించి రాశారే, అది చదివాకే నాకు నిద్ర పట్టింది.

ఇక ఏడుపు ఆపి పని వినండి. అతుకులన్నీ విప్పండి. అవును, అన్నీ. సూది పోట్లు పడ్డాయని బెంగ వద్దు. ఫెల్టుని ఆవిరి మీద పట్టి బొటనవేలితో రుద్దితే పోట్లు మూసుకుపోతాయి, అక్కడ సూది దిగిందని మీకే తెలియదు. తర్వాత మడతల జోలికి పోకండి. గుడ్డ అంచు మీదికి ఫెల్టు అంచుని అర అంగుళం ఎక్కించి పైనుంచే కుట్టండి. మీ పోగులు నా ఫెల్టు కింద దాక్కుంటాయి. అతుక్కి అంగుళం పోయే చోట అరే పోతుంది.

ఇంకా ఆరు అంగుళాలు తక్కువ పడుతుందని మీరు లెక్క వేసేలోపే చెబుతున్నాను. టోపీ నెత్తి మాత్రమే పంపాను, అంచులు పారేస్తాననుకున్నారా? నలభై రెండు టోపీల అంచులూ నా దగ్గరే ఉన్నాయి. వంపు తిరిగినవి కాబట్టి పనికిరావని పక్కన పెట్టాను. ఆవిరి పట్టి సాగదీస్తున్నాను. మూడేసి అంగుళాల పట్టీలుగా వచ్చే సోమవారం బయలుదేరతాయి. బొంత చుట్టూ వేయండి.

ఈసారి ఏదైనా తేడా కనబడితే సర్దుబాటు చేయకండి. తిడుతూ ఉత్తరం రాయండి.

మీ వదిన


కుట్టు దుకాణం నుంచి
ఆగస్టు 27

వదినా,

అయింది!

అయిదు వారాలు దుకాణం సగం పూటే తెరిచాను. విప్పడానికే పన్నెండు రోజులు పట్టింది. మా ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని దారప్పోగులు ఏరారు. మీ అమ్మాయి గిన్నెలో నీళ్ళు మరిగించి ఆవిరి పట్టింది. ఎలా పట్టాలో చెప్పబోతే, "ఇది నాకు తెలుసత్తయ్యా, నేను ఈ వాసనలోనే పెరిగాను" అంది. పోట్లు నిజంగానే మూసుకుపోయాయి. భూతద్దం పెట్టి వెతికాను, ఒక్కటి దొరికితే మీకు రాసి పంపుదామని. దొరకలేదు.

పైనుంచి కుట్టే కుట్టు నాకు మొదట రాలేదు. అరవై మూడేళ్ళ వయసులో కొత్త కుట్టు నేర్చుకున్నాను, అదీ ఉత్తరం చూసి. మొదటి వరస వంకర పోయింది, విప్పాను. రెండోసారి కొంచెం నయం. మూడో వరస నుంచి చూడండి, ఎక్కడా కన్ను ఆగదు.

నాకు తోచిన వరసలో పెట్టమన్నారు కదా, తోచిన వరసలోనే పెట్టాను. కాళ్ళ దగ్గర మీ మొదటి ఏటి టోపీ, తల దగ్గర నలభై రెండో ఏటిది. పిల్లకి ఒక్కొక్కటీ చూపించాను. ఎరుపు తొమ్మిదోది, వాళ్ళమ్మ పుట్టిన ఏటిది. ముప్ఫై ఒకటోది ముదురాకుపచ్చ, పిల్ల పుట్టిన ఏడు. మూడుసార్లు లేచి కూర్చున్నదని మీరు రాసింది దాని గురించే. అది విని, "అది నేనే!" అని గెంతింది.

ఆరడుగులకి వెంట్రుకవాసి తక్కువ లేదు. వెడల్పు మంచానికి రెండు వైపులా దిగుతుంది. కింద దళసరి బూడిద రంగు అస్తరు వేశాను. మూడు రోజులు దుకాణం ముందు తాడు కట్టి ఆరేశాను. ఆరేయడానికి తడి ఎక్కడుంది, చూపించుకోవడానికే. వీధిలో పోయేవాళ్ళందరూ ఆగారు. కుట్టు ఎవరిదంటే నాది అన్నాను. మిగతాది ఎవరిదంటే, టోపీలు చేసే మా వదినది, మీ తలలకి ఆ అదృష్టం లేదు అన్నాను.

ఎల్లుండి పిల్ల ప్రయాణం. బొంతని అదే భుజాన వేసుకుని మోస్తానంటోంది.

మీ వదిన


టోపీల దుకాణం, వెనక గది
సెప్టెంబరు 8

వదినా,

మీ ఉత్తరం పని చొక్కా జేబులో పెట్టుకుని తిరుగుతున్నాను.

అర ఖాళీగా ఉంది. కొయ్య తలలు నాటకాలవాళ్ళు తీసుకెళ్ళారు. కళ్ళజోళ్ళ ఆయన రోజూ వచ్చి గోడలు కొలుచుకుంటున్నాడు. నాకు బాధగా లేదంటే మీరు నమ్మరు, అందుకని ఆ మాట రాయను. కానీ ఒకటి అనుకుని నిబ్బరంగా ఉంటున్నాను. ఈ గదిలోకి వచ్చి నా పని చూసేవాళ్ళు లేకపోయినా, అక్కడ కొండ మీద ఒక పొడవాటి గదిలో, వరసగా ఉన్న మంచాల మధ్య ఒక మంచం మీద నా నలభై రెండేళ్ళూ పరిచి ఉన్నాయి. ఆ తలుపు తీసిన ప్రతివాళ్ళ కన్నూ ముందు అక్కడే పడుతుంది.

మీరు పిల్లని చూడటానికి వెళ్తారు కదా. మంచం ఎలా కనబడుతోందో, ఎవరెవరు ఏమన్నారో వివరంగా రాయండి. ఏమీ దాచకండి.

మీ వదిన


కుట్టు దుకాణం నుంచి
సెప్టెంబరు 22

వదినా,

ఏమీ దాచవద్దన్నారు. దాస్తే ఏమవుతుందో ఒకసారి చూశాను కాబట్టి ఉన్నదున్నట్టు రాస్తున్నాను. కొంచెం కూర్చుని చదవండి.

నిన్న వెళ్ళాం. పిల్ల బాగుంది, రంగు తగ్గింది, ఆకలి పెరిగింది. గది చూపిస్తానని చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళింది. పొడవాటి గది, ఇరవై మంచాలు, పెద్ద పెద్ద కిటికీలు. మీరు రాసినట్టే తలుపు తీయగానే వెతుక్కున్నాను. ఏ మంచం మీదా మన బొంత లేదు. తర్వాత చూస్తే ఏడో మంచం మీద బూడిద రంగు అస్తరు. పిల్ల బొంతని తిరగేసి పరుచుకుంది! మీ ఫెల్టు అంతా కిందకి, నా అస్తరు పైకి.

ఇన్ని నెలల పని, పైకి చూస్తే గోనెసంచిలా ఉంది. నాకు ఒళ్ళు మండింది. ఎవరైనా వెక్కిరించారేమోనన్న అనుమానం కూడా వచ్చింది. "ఏమే, సిగ్గుపడుతున్నావా? ఇది మీ అమ్మమ్మ చూస్తే ఏమవుతుందో తెలుసా?" అని అక్కడే నలుగురి ముందూ కేకలేశాను. పిల్ల బిత్తరపోయింది.

"సిగ్గెందుకు నానమ్మా? రంగులు పైకి పెడితే ఊరంతా చూస్తుంది, నాకే కనబడదు. నేను లోపలే ఉంటా కదా" అంది. నాకు అర్థం కాలేదే అంటే, నన్ను మంచం మీద పడుకోబెట్టి, తను కూడా పక్కన దూరి, బొంతని ఇద్దరి తల మీదుగా కప్పింది. పొద్దుటి వెలుతురు అంచుల్లోంచి లోపలికి వస్తోంది. కళ్ళకి జానెడు దూరంలో మీ ఫెల్టు. "రోజూ లేవగానే ఇలా చూస్తా. ఇదిగో ఇది ముప్ఫై ఎనిమిది, ఇది ముప్ఫై తొమ్మిది. అమ్మ ఎరుపు దగ్గరికి వెళ్ళాలంటే లోపలికి పాకాలి" అని వేలు పెట్టి చూపించింది. అన్నీ కంఠతా వచ్చు దానికి. కోటు ఇచ్చేముందు నేను గుండీలు లెక్కపెట్టుకున్నట్టు, పందెం ఉన్న రోజు దాని ఆకుపచ్చ ముక్కని చెయ్యి పెట్టి రుద్దుకుని వెళుతుందట.

మీరు కోరుకున్నట్టు గదిలోకి వచ్చినవాళ్ళ కన్ను దాని మీద పడదు వదినా. నేను తిప్పి వేయమని గట్టిగా చెప్పగలను, వింటుంది. చెప్పమంటారా? మీ మాట కోసం ఆగాను.

మీ వదిన


టోపీల దుకాణం, వెనక గది
సెప్టెంబరు 30

వదినా,

చెప్పకండి. పొరపాటున కూడా చెప్పకండి.

కూర్చునే చదివాను. బూడిద రంగు అస్తరు దాకా వచ్చేసరికి కాగితం పక్కన పెట్టి మంచినీళ్ళు తాగాను. తర్వాత మిగతాది చదివాను.

టోపీ ఎలాంటి వస్తువో మీకు తెలియదు. ఎంత బాగా చేసినా, పెట్టుకున్న మనిషికి అది కనబడదు. కొనేటప్పుడు అద్దంలో ఒక్క క్షణం, అంతే. తలుపు దాటి బయటికి వెళ్ళాక దాన్ని చూసేది దారినపోయేవాళ్ళే. నలభై రెండేళ్ళు నేను ఎదుటివాళ్ళ కళ్ళ కోసం పని చేశాను, పైకి కనబడాలి, పైకి కనబడాలి అని. నెత్తిన పెట్టుకున్న మనిషి తన కోసం తను చూసుకున్నది ఇదే మొదటిసారి. నాకు ఇలాంటి బేరం ఎప్పుడూ రాలేదు వదినా. నా జన్మకి ఇంతకన్నా మంచి తల దొరకదు.

ఈరోజు తాళంచెవి అప్పగించాను. కళ్ళజోళ్ళ ఆయన మంచివాడే. ముసలావిడ ఏడుస్తుందేమోనని ముందుజాగ్రత్తగా కుర్చీ వేసి, పక్కన నీళ్ళ గ్లాసు పెట్టి నిలబడ్డాడు. నేను ఆ కుర్చీలో ఆయన్ని కూర్చోబెట్టాను. జేబులోంచి మీ ఉత్తరం తీసి, మొదటి నుంచి చివరి దాకా చదివి వినిపించాను. రెండుసార్లు.

మీ వదిన